నలభై ఒక్కరి భయం

ఓదెలు నవ్వుతూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గ్రానైటు రాళ్లు కోసే యూనిట్లో పన్నెండేళ్లు పనిచేసిన మనిషి. చేతులు ఆ రాళ్లలాగే గట్టిబడిపోయాయి.

"ఇదేంది మేడమ్, కుక్క మెడకు కట్టినట్టు?" అన్నాడు, నౌషీన్ తన మెడకు చుట్టిన నల్ల పట్టీని వేలితో లాగి చూస్తూ.

"బిగుతుగా ఉంటే చెప్పు, నౌషీన్ వదులు చేస్తుంది," అన్నది ప్రొఫెసర్ సులోచన.

"బిగుతేం లేదు. కానియ్యున్రి. మల్లా డ్యూటీకి పోవాలె."

వారం క్రితం ఇదే పట్టీని ఓదెలు భార్య స్వరూప మెడకు కట్టారు. ఒక సాయంత్రం గురించి చెప్పమన్నారు. అతను ఇంట్లోకి రావడం, దగ్గడం, లోపలి నుంచి గొళ్లెం పెట్టడం, ఆ తర్వాత జరిగింది ఆమె తలవంచుకుని చెప్పింది. పట్టీ ఆ మాటల్ని పట్టించుకోలేదు. చెబుతున్నప్పుడు ఆమె గుండె ఎట్లా కొట్టుకుందో, ఊపిరి ఎక్కడ బిగిసిందో, కడుపులో ఏం మెలితిరిగిందో అది మాత్రమే పట్టుకుంది. మెడ పక్కనుంచి దిగే నరం గుండా ఆ అలజడిని ఇంకొకరి ఒంట్లోకి పంపవచ్చని కనిపెట్టింది నౌషీన్. ముప్పై ఏళ్ల ఇంజనీరు. ఈ కేంద్రంలో చేరి ఆరేళ్లయింది.

నౌషీన్ మీట నొక్కింది. గదిలో స్పీకరు నుంచి గొళ్లెం పడిన చప్పుడొకటి వినిపించింది.

రెండో నిమిషందాకా ఓదెలు నవ్వుతూనే ఉన్నాడు. మూడో నిమిషంలో కాళ్లు ముడుచుకున్నాడు. ఐదో నిమిషంలో రెండు చేతులూ తలమీద పెట్టుకుని కుర్చీలోంచి జారి గోడ మూలకు పోయాడు. మనిషికి భయం తప్ప ఏమీ కనబడటం లేదు. ఎవరూ లేని చోటుకేసి చూస్తూ "వద్దు, వద్దు" అంటున్నాడు. తొమ్మిదో నిమిషంలో పట్టీ దానంతటదే ఆగిపోయింది.

చాలాసేపటికి అతను తల ఎత్తాడు.

"నేను గొళ్లెం పెడితే దానికి గిట్లయితదా మేడమ్?"

సులోచన భార్యల్ని కొట్టే మగవాళ్లతో ముప్పై ఒక్క ఏళ్లుగా మాట్లాడుతున్నది. ఒక్కడు కూడా ఈ ప్రశ్న అడగలేదు.

ఆమె వృత్తిలోకి వచ్చిన మూడో ఏడు భాగ్య అనే అమ్మాయి వచ్చింది. భర్త కొడుతున్నాడు. సులోచన ఇద్దరినీ మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడింది. అతను ఏడ్చాడు, ఒట్టు వేశాడు. "ఒకసారి నమ్మి చూడు తల్లీ," అని సులోచన ఆ అమ్మాయిని ఇంటికి పంపింది. నాలుగో రోజు భాగ్య చనిపోయిందని పేపర్లో చదివింది. అప్పటినుంచి ఆమె పాఠం చెప్పే తీరే మారిపోయింది. హనుమకొండలో ఆమె పెట్టిన ఈ హింసా నివారణ కేంద్రంలో మూడు వందల మందికి పైగా కౌన్సెలర్లు శిక్షణ పొందారు. అందరికీ మొదటి రోజు ఒకటే మాట చెప్పేది. "మాటను వినండి. నమ్మడానికి తొందరపడకండి."

మాటలు అబద్ధం చెబుతాయి, ఒళ్లు చెప్పదు అనుకుని ఆమె ఈ పట్టీని నమ్మింది.

ఒక నియమం మాత్రం పెట్టుకుంది. ఏ స్త్రీ భయాన్నైనా మగవాడికి ఎక్కించే ముందు అది తన ఒంట్లోకి రావాలి. ఎంత తీవ్రంగా ఉందో, గుండెకు ప్రమాదమో కాదో తను చూశాకే ఇంకొకరికి. "అన్నీ మీరే ఎందుకు మేడమ్, ఒక్కొక్కటి ఒక్కొక్క కౌన్సెలర్ చూస్తారు గద," అని నౌషీన్ చాలాసార్లు అన్నది. సులోచన ఒప్పుకోలేదు. "వాళ్లు చిన్నపిల్లలు. నేను తట్టుకుంటాను."

అట్లా నాలుగు నెలల్లో నలభై ఒక్కమంది స్త్రీల భయం ఆమె ఒంట్లోకి వచ్చింది. కోర్టు ద్వారా వచ్చి, ఒప్పుకుంటూ సంతకం పెట్టిన నలభై ఒక్కమంది మగవాళ్లకు ఎవరి భార్య భయం వారికి వెళ్లింది. మూడు వారాల్లో దాని తీవ్రత పోతుందని, పాఠం మిగులుతుందని నౌషీన్ లెక్క.

ఆ నాలుగు నెలల్లో ఒక్కడు కూడా మళ్లీ చెయ్యి చేసుకోలేదు. ఆ మాట పై అధికారుల దాకా పాకింది. సోమవారం నుంచి పన్నెండు జిల్లాల్లో ఈ పద్ధతి మొదలుపెట్టాలని ఉత్తర్వు వచ్చింది.

*

సులోచన భర్త వీరభద్రం హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో గొంతు పెంచి మాట్లాడిన మనిషి కాదు. పిల్లలు లేరు. సాయంత్రం లైబ్రరీకి వెళ్లి, ఆరున్నరకు ఇంటికొచ్చి, చెప్పులు అరుగు మీద వదిలి "సులోచనా, చాయ్ పెట్టనా?" అని అడుగుతాడు.

మొదటిసారి అది జరిగినప్పుడు ఆమె పేపర్లు దిద్దుతున్నది. గేటు తీసిన చప్పుడైంది. అరుగు మీద చెప్పుల చప్పుడైంది. ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. మెడ వెనక చల్లబడింది. ఇల్లంతా ఒకసారి కళ్లతో వెతికింది. ఏ గిన్నె కడగకుండా ఉంది? ఏ వస్తువు దాని చోట లేదు? ఎందుకు వెతుకుతున్నదో ఆమెకు తెలుసు. అది ఆమె వెతుకులాట కాదు, పరకాల నుంచి వచ్చిన ఒక టీచరమ్మది. అయినా ఒళ్లు వినలేదు.

"సులోచనా, చాయ్ పెట్టనా?"

"పెట్టండి," అన్నది. గొంతు ఎవరిదోలా వచ్చింది.

తగ్గిపోతుందిలే అనుకుంది. ఒక నెల గడిచింది. అతను సోఫాలో పక్కన కూర్చుంటే భుజం దానంతటదే ముడుచుకునేది. అతను ఫోనులో ఎవరితోనో నవ్వుతుంటే, ఆ నవ్వు ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూసేది. రాత్రి అతను అటు తిరిగి పడుకుంటేనే ఊపిరి వదిలేది. అతను గమనించాడు. ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడం కూడా ఆమెకు భయంగానే తోచింది.

ఒక మధ్యాహ్నం ల్యాబులో నౌషీన్ ఆమె నాడి చూసి కంప్యూటర్ తెర వైపు చూస్తూ ఉండిపోయింది.

"తగ్గలే మేడమ్. ఒక్కటి కూడా తగ్గలే. ఒకదాని మీద ఒకటి పేరుకున్నది."

"నాకు నలభై ఒకటి కదా. వాళ్లకు ఒక్కటే."

"మీలో మొదటిది కూడా తగ్గలే. మరి వాళ్లలో?"

"వాళ్లు బాగానే ఉన్నారు నౌషీన్. నెలనెలా అడుగుతున్నాం. ఎవరూ కొట్టడం లేదు."

 సులోచన పట్టీని డబ్బాలో పెట్టి మూత వేసింది. 

*

ఉత్తర్వు అమలు కావాల్సిన సోమవారానికి రెండు రోజుల ముందు, శనివారం పొద్దున, ఆమె వంటింట్లో బీరకాయలు కోస్తున్నది. కుక్కరు కూత పెడుతుండటంతో అడుగుల చప్పుడు వినబడలేదు. వీరభద్రం వెనకనుంచి వచ్చి, ఆమె తలమీదుగా చెయ్యి ఎత్తి పై అరలోని చాయ్‌పత్తా డబ్బా అందుకోబోయాడు.

ఆమెకు ఎత్తిన చెయ్యి ఒక్కటే కనబడింది.

తర్వాత ఏం జరిగిందో ఆమెకు గుర్తులేదు. గుర్తున్నది ఆ తర్వాతి క్షణం. తను గ్యాస్ బండ పక్కన తల మీద చేతులు పెట్టుకుని ముడుచుకుని ఉంది. నేల మీద చాయ్‌పత్తా. దాని మీద చుక్కలుచుక్కలుగా రక్తం. వీరభద్రం ఎడమ ముంజేతిని తువ్వాలుతో అదుముకుని గుమ్మం దాకా వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"సులోచనా, నేనే. నేనే కదా," అంటున్నాడు మెల్లగా. "కత్తి కింద పెట్టు. నేను దగ్గరికి రాను."

కత్తి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ఆసుపత్రిలో కుట్లు వేస్తూ కుర్ర డాక్టరు అడిగాడు. "ఎట్ల తెగింది సార్?"

"బీరకాయ కోస్తుంటే జారింది," అన్నాడు వీరభద్రం.

"ముంజేతి మీదనా?"

వీరభద్రం నవ్వి ఊరుకున్నాడు. సులోచన ఆ నవ్వును చూసింది. బాత్‌రూంలో జారిపడ్డాను మేడమ్, తలుపు తగిలింది మేడమ్, మెట్ల మీద కాలు మడతపడింది మేడమ్. ముప్పై ఒక్క ఏళ్లుగా తన ఎదురు కుర్చీలో కూర్చుని ఆడవాళ్లు నవ్విన నవ్వు అది. ఇప్పుడు అది తన భర్త ముఖం మీద, తనను కాపాడటానికి.

"జారలేదు డాక్టర్. నేనే కోశాను," అన్నది. "అట్లాగే రాయండి."

ఏడు కుట్లు పడ్డాయి. అవి పడుతున్నంతసేపూ ఆమె ఒకటే ఆలోచించింది. జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తని తను ఇది చేసింది. కోపం వచ్చి కాదు. భయపడి. అయితే చెయ్యెత్తడం అలవాటైన చేతుల్లో ఇదే భయం పెడితే?

నెలనెలా తన కౌన్సెలర్లు ఫోను చేసి అడిగే ప్రశ్న ఒక్కటే. కొట్టాడా? అతను ఎట్లా నిద్రపోతున్నాడు, పక్కన ఏం పెట్టుకుని పడుకుంటున్నాడు అని ఎవరూ అడగలేదు. అడగమని తను చెప్పలేదు.

అక్కడి నుంచే నౌషీన్‌కు ఫోను చేసింది. "కౌన్సెలర్లందర్నీ పిలిచి నలభై ఒక్క ఇళ్లకూ ఇప్పుడే ఫోన్లు చేయించు." తను స్వరూపకు చేసింది.

స్వరూప గుసగుసగా మాట్లాడింది. "మీకే జేద్దామనుకుంటున్న మేడమ్. కొట్టుడు బంద్ జేసిండు, నిజమే. గని తలుపులకు గొళ్లాలన్ని పీకేసిండు. సమ్మెట దిండు కింద పెట్టుకొని పంటడు. నేను ఎనుకకెల్లి పోతె ఎగిరి దుంకుతడు. పొద్దుగాల గ్యాసు బండ తెచ్చినాయన తలుపు దబదబ బాదిండు. ఇగ అంతే. పిల్లను సంకల ఏసుకొని లోపటి అర్రల జొర్రిండు. బీరువ అడ్డం జరిపిండు. ఎవడో పిల్లను సంపుతందుకు వచ్చిండంటడు. నేను పిలిస్తె నన్ను గూడ నమ్ముతలేడు."

"పాప ఏడుస్తున్నదా?"

"ముందుగాల ఏడ్చింది. ఇప్పుడు సప్పుడు లేదు."

"కేకలు పెట్టకు. తలుపు కొట్టకు, ఎవర్నీ కొట్టనియ్యకు. నేను వస్తున్న."

వీరభద్రం మంచం దిగబోయాడు. "ఒక్కదానివే పోకు. నేనూ వస్తా."

ఆమె అతని ముఖంలోకి చూడలేకపోయింది. "మీరు రావద్దు. మీరు పక్కనుంటే నా చేతులు ఇంకా వణుకుతాయి."

ఏడు కుట్లకు మూలగని మనిషి ఆ మాటకు మంచం అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె ఆగలేదు.

*

పక్కింటివాళ్లు పిలిచిన పోలీసులను వీధి చివరే ఆగమని, బూట్ల చప్పుడు లోపలికి వినబడకూడదని, ఫోన్ల పని కౌన్సెలర్లకు అప్పగించి వచ్చిన నౌషీన్ బతిమాలి ఒప్పించింది. రేకుల ఇల్లు. రెండు గదులు. ముందు గదిలో స్వరూప నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. లోపలి గది తలుపు జానెడు తెరుచుకుని, వెనక అడ్డంగా ఉన్న బీరువాకు ఆని ఉంది.

సులోచన తలుపు దగ్గరికి నాలుగడుగులు వేసింది. లోపల ఓదెలు దగ్గాడు.

ఆ దగ్గు ఆమెకు తెలుసు. దెబ్బకు ముందు వచ్చే దగ్గు. తను ఏనాడూ ఆ ఇంట్లో లేదు, ఆ చేతి దెబ్బ తినలేదు. అయినా పిక్కలు బిగుసుకుపోయాయి.  చీర తడుస్తుందేమోననిపించింది. వెనక్కి తిరిగి పరుగెత్తమని ఒళ్లంతా మొత్తుకుంటున్నది. ఇది స్వరూప భయం. ఇదే భయంతో స్వరూప ఈ ఇంట్లో ఏడేళ్లు అన్నం వండింది.

ఆమె తలుపుకు ఎదురుగా నేలమీద కూర్చుంది. 

"ఓదెలూ, నేను సులోచన మేడమ్‌ను. లోపలికి రాను. ఇక్కడే కూసున్న."

"ఎవరున్నరు నీ ఎనుక?"

"స్వరూప ఉంది. నౌషీన్ ఉంది. వీధి చివర పోలీసోళ్లున్నరు. రమ్మంటేనే వస్తరు."

లోపల ఇనుము నేలకు రాసుకున్న చప్పుడైంది. "నాకు ఎరికె. నన్ను, పిల్లను సంపుతందుకే వచ్చిన్రు."

ఇట్లాంటప్పుడు ఏం చెప్పాలో ఆమె మూడు వందల మందికి నేర్పింది. గొంతు నెమ్మదిగా ఉండాలి. మీ భయం కనబడనీయకూడదు. అదేదీ ఆమెకు చేతకాలేదు. 

"ఓదెలూ, నాకు భయమైతున్నది. నువ్వంటేనే భయమైతున్నది. నువ్వు దగ్గితే నా పానం పోయినట్టయింది."



"నేనంటే మీకేంది భయం? నేను మిమ్ములను ఏమన్న అన్ననా?"

"అనలేదు. స్వరూప భయం నీకు ఎక్కించకముందు నేను ఎక్కించుకున్న. పోతుందనుకున్న. పోలేదు. నీకు ఇప్పుడు ఎవడో వస్తున్నట్టు అనిపిస్తున్నదే, ఎవడూ రాడు. ఆ భయం నీది కాదు. నేను నీలో పెట్టిన."

"మీరు పెట్టిన్రా?" గొంతు పెరిగింది. "మరి తీసెయ్యున్రి!"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. తీసేస్తాను, బయటికి రా, అంటే చాలు. పాప బయటపడుతుంది. తర్వాత సంగతి తర్వాత.

"నాకు తీయడం రాదు ఓదెలూ. నాలో ఉన్నది కూడా తీసుకోలేకపోతున్న."

సమ్మెట బీరువాను బలంగా తాకింది. రేకు చీలినట్టు మోగింది. లోపల పాప కెవ్వుమంది. స్వరూప ముందుకు ఉరకబోతే నౌషీన్ గట్టిగా పట్టుకుంది. సులోచన రెండు చేతులూ తల మీదికి వచ్చాయి. వాటిని కిందికి దించడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"పొద్దున మా సారు పై అరలో డబ్బా కోసం చెయ్యి ఎత్తిండు," అన్నది, తలుపు వైపు కాక నేల వైపు చూస్తూ. "నన్ను కొట్టనీకే అనుకున్న. చేతిలో కత్తి ఉండె. కోసిన. ఇరవై తొమ్మిదేండ్లల్ల ఒక్క మాట అనని మనిషిని."

లోపలి నుంచి గొంతు వచ్చింది. ఈసారి మెల్లగా.

"సచ్చిండా?"

"లేదు. ఏడు కుట్లు పడ్డయి."

"మీరు కావాలని జెయ్యలే గద."

"కావాలని చెయ్యలే. చెయ్యి దానంతటది లేచింది. నీ చేతిలో సమ్మెట ఉంది ఓదెలూ. పక్కన పాప ఉంది. పాప ఒక్కసారి గట్టిగ తుమ్మినా నీ చెయ్యి లేస్తది. నువ్వు చెడ్డోడివని అంటలేను. నాకు అయిందే నీకూ అయితదని అంటున్న."

లోపల పాప వెక్కుతున్నది. ఓదెలు ఊపిరి తలుపు సందులోంచి వినబడుతున్నది. తర్వాత బీరువా కిర్రుమని నాలుగంగుళాలు జరిగింది.

"అందరు ఎనుకకు జరగున్రి. గోడ దాంక జరగున్రి. నా చేతులు చూడున్రి, చూస్తున్నరా? సమ్మెట కింద పెట్టిన. అక్షితా, ఉరుకకు బిడ్డా. మెల్లగ పో. మెల్లగ."

ఐదేళ్ల పిల్ల ఆ సందులోంచి పక్కకు తిరిగి బయటికి వచ్చింది. స్వరూప మోకాళ్ల మీద కూలబడి ఆమెను పట్టుకుంది.

"మేడమ్," అన్నాడు లోపలి నుంచి. "మీరు పోకున్రి."

ఆమె పోలేదు. వెళ్లిపొమ్మని ఒళ్లు అరుస్తున్నా, మధ్యాహ్నం మూడింటికి అతను తనంతట తానే బయటికి వచ్చేదాకా ఆ గుమ్మానికి ఇవతల ఆమె, అవతల అతను, ఒకరి ఊపిరి ఒకరు వింటూ కూర్చున్నారు.

*

సోమవారం పై అధికారి ఫోనులో విసుక్కున్నాడు. "నలభై ఒక్కమందిలో ఒక్కరు కూడా భార్యను కొట్టలేదని మీరే రిపోర్టు రాశారు గద మేడమ్."

"నేను అడిగిన ప్రశ్నే తప్పు," అన్నది సులోచన. తప్పు తనదని రాతపూర్వకంగా ఇచ్చింది. పన్నెండు జిల్లాల ఉత్తర్వు ఆగిపోయింది.

కానీ నౌషీన్ చేయించిన ఫోన్లలో తెలిసినవి ఆగేవి కావు. ఒకతను నిద్రలో లేపిన తమ్ముడి దవడ విరగ్గొట్టాడు. ఇంకొకతను పదిహేను రోజులుగా ఇల్లు దాటలేదు. జనగామలో ఒక టైలరు, ఇంటి ఓనరు తలుపు కొట్టిన చప్పుడుకు వెనక గోడ దూకి రోడ్డు మీదికి పరుగెత్తి లారీ కింద పడి చనిపోయాడు. అది జరిగి అప్పటికే తొమ్మిది రోజులైంది. అతని భార్య సులోచనను చూసి తిట్టలేదు. "మంచిగైండని సంబురపడ్డ మేడమ్," అని మాత్రం అన్నది.

సులోచన కేంద్రం బాధ్యతల నుంచి తప్పుకుంది. నౌషీన్ పట్టీలన్నీ విప్పి ముక్కలు చేసింది. అయినా వేరే రాష్ట్రం నుంచి ఎవరో రెండుసార్లు ఫోను చేసి, అది జైళ్లల్లో పనికొస్తుందా అని అడిగారట. పట్టీకి గీసిన నమూనాలు ఎంతమంది దగ్గరికి చేరాయో నౌషీన్‌కే తెలియదు.

స్వరూప బిడ్డను తీసుకుని వేరే గది అద్దెకు తీసుకుంది. "ఆయన నన్ను చూసి భయపడుతుంటె ముందు నాకు సంతోషమైంది మేడమ్. అబద్ధమెందుకు చెప్పాలె," అన్నది. "గని ఇద్దరం భయపడే ఇంట్ల పిల్ల పెరగద్దు."

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున మిగిలిన నలభైమంది మగవాళ్లూ కేంద్రంలో కలుస్తారు. గుండ్రంగా కుర్చీలు వేస్తారు. సులోచన కూడా వస్తుంది, వాళ్ల వరసలోనే కూర్చుంటుంది. నడిపించేది రమణి, ఆమె దగ్గరే శిక్షణ పొందిన కౌన్సెలరు. ఇరవై ఆరేళ్ల పిల్ల.

మొన్నటి ఆదివారం రమణి ఆమెవైపు తిరిగి, మొహమాటం దాచుకోకుండానే అడిగింది. "మీరు చెప్పండి మేడమ్. ఈ వారం?"

"మా ఆయన స్నానాల గది తలుపు గట్టిగా వేశారు. భయపడ్డాను. పెరట్లోకి వెళ్లి కూర్చున్నాను. చెయ్యి మాత్రం లేవలేదు."

రమణి రాసుకుంది. తర్వాత ఓదెలు వంతు. 

"నిన్న స్వరూప పిల్లను తోల్కొచ్చింది, నన్ను చూస్తదని. నేను అరుగు మీద కూసున్న. పిల్ల సప్పుడు చెయ్యకుండ ఎనుకకెల్లి వచ్చి నా కండ్లు మూసింది."

 వెనకనుంచి వచ్చిన చేతికి ఒళ్లు ఏం చేస్తుందో అక్కడున్న అందరికీ తెలుసు. రమణి నోరు తెరవకముందే సులోచన అడిగింది.

"ఏం చేసినవ్ ఓదెలూ?"

"ఏం జెయ్యలే మేడమ్. రెండు చేతులు తొడల కింద పెట్టుకొని కూసున్న. ఒళ్లంత వణికింది. ఎవలో చెప్పుకో నాయినా అంటున్నది. నా నోట్లకెల్లి మాట ఎల్లలే. పిల్ల చేతులు తీసేదాంక గట్లనే కూసున్న."